ప్రకృతి స్థిరాంకములు స్థిరములేనా?

ఒక గ్రామములోని కుంచములన్నియు ఒక్క రాత్రిలో ఒకే పాలున చిన్నవైనవనుకొందము. మరునాడు రైతు తన గాదెలోని వడ్లను కొలిచినచో లెక్క పెరిగినట్లు తోచును. ధాన్యము పెరిగినదా, కుంచము తరిగినదా? పొరుగువాని కుంచముతో పోల్చి చూతమన్న, అదియు అంతే తరిగినది. వర్తకుని కుంచమును అంతే. ఏ కుంచమును మరి దేనితో పోల్చినను తేడా కనబడదు. ఈ సందేహము తీరుటకు ఎన్నడో కొలిచి, ఇన్ని కుంచములని వ్రాసి, ముద్రవేసి, పదిలపరచిన పాతమూట యొకటి కావలెను. దానిని విప్పి నేటి కుంచముతో తిరిగి కొలిచినపుడు మాత్రమే నిజము తేలును.

భౌతికశాస్త్రమునకును ఇట్టి కుంచములు కలవు. కాంతివేగము, ఎలక్ట్రానుపై నున్న విద్యుదావేశము, ప్లాంకు స్థిరాంకము, గురుత్వాకర్షణ స్థిరాంకము, ప్రోటాను ఎలక్ట్రానుల ద్రవ్యరాశులు మొదలగువానిని శాస్త్రజ్ఞులు ప్రకృతి స్థిరాంకములందురు. వీని విలువలు ఇంతయే ఏల ఉండవలెనో ఏ సిద్ధాంతమును చెప్పలేదు. కొలిచి తెలిసికొనవలసినదే. మానవుడు వీనిని జాగ్రత్తగా కొలుచుట ప్రారంభించి రెండు మూడు శతాబ్దములు మాత్రమే అయినది. విశ్వము వయస్సో, సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. ఈ మూల, ఈ క్షణకాలమున కొలిచిన విలువలే అన్ని చోట్లను, అన్ని కాలములందును చెల్లునని మనము నమ్ముచున్నాము. నక్షత్రముల వయస్సులు, వాని గర్భములో జరుగు మార్పులు, దూరపు నక్షత్రకూటముల లక్షణములు, అన్నింటిని ఈ నమ్మకముమీదనే లెక్కకట్టుచున్నాము. పునాది గట్టిదేనా అని అడుగుట తప్పు కాదు. అడుగకుండుటయే తప్పు.

ఆ పరీక్షకు కావలసిన ముద్రవేసిన మూట ఎక్కడ దొరకును? ఆకాశములో దొరకును. కోటానుకోట్ల సంవత్సరముల క్రిందట బయలుదేరి నేటికి మనల చేరుచున్న కాంతియే ఆ మూట. దానిని విప్పి చదువుటకు గత ఆరు దశాబ్దులకు పైగా జరిగిన ప్రయత్నమును ఈ ప్రసంగమున వివరింతుము.

ముందుగా ఒక చిక్కు తీర్చుకొనవలెను. కాంతివేగము పూర్వము ఎక్కువగా ఉండెనా అని మనము సామాన్యముగా అడుగుదుము. కాని 1983లో అంతర్జాతీయ తూనికలు కొలతల సంఘమువారు మీటరునకు క్రొత్త నిర్వచనము నిచ్చిరి. శూన్యమున కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరు. 2019లో ప్లాంకు స్థిరాంకమునకును, ఎలక్ట్రాను ఆవేశమునకును గూడ ఇట్లే విలువలు నిర్ణయించి, వానినుండి కిలోగ్రామును, ఆంపియరును నిర్వచించిరి. కాంతితోనే మీటరును చేసి, ఆ మీటరుతో కాంతివేగము మారినదా అని కొలుచుట కుంచమును కుంచముతోనే కొలుచుట వంటిది. కనుక ఏ ప్రమాణమును అక్కరలేని శుద్ధసంఖ్యలను పట్టుకొనవలెను. రెండు సజాతీయ వస్తువుల నిష్పత్తి అట్టి సంఖ్య. మీటరుతో కొలిచినను, గజముతో కొలిచినను, జానతో కొలిచినను అది మారదు.

ఇట్టి శుద్ధసంఖ్యలలో ప్రసిద్ధమైనది సూక్ష్మనిర్మాణ స్థిరాంకము. దీనిని గ్రీకు అక్షరముతో ఆల్ఫా అందురు. 1916లో జర్మను శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ దీనిని ప్రవేశపెట్టెను. సులభముగా చెప్పవలెనన్న ఇట్లు చెప్పవచ్చును. బోరు సిద్ధాంతము ప్రకారము హైడ్రోజను పరమాణువులో అన్నిటికంటె లోపలి కక్ష్యలో ఎలక్ట్రాను తిరుగు వేగము కాంతివేగములో ఎన్నవ వంతో, ఆ భిన్నమే ఆల్ఫా. దాని విలువ 137.036లో ఒకటవ వంతు. ఎలక్ట్రానులను కేంద్రకముతో బంధించు విద్యుచ్ఛక్తి బలమును ఈ సంఖ్య తెలుపును. రాయి గట్టిదనము, నీటి ద్రవత్వము, దీపపు రంగు, మన రక్తములోని రసాయనిక క్రియలు దీనిపై ఆధారపడినవే. ఈ సంఖ్య నూటికి నాలుగైదు పాళ్ళు వేరైనచో నక్షత్రగర్భములలో కార్బను తయారగుటయే దుర్ఘటమగునని లెక్కలు చెప్పుచున్నవి. కార్బను లేనిచో మనమును లేము.

రెండవ శుద్ధసంఖ్య ప్రోటాను ద్రవ్యరాశికిని, ఎలక్ట్రాను ద్రవ్యరాశికిని గల నిష్పత్తి. అది 1,836.15. అణువులు ఊగుట, తిరుగుట మొదలగు చలనములు ఈ నిష్పత్తిని బట్టి నడచును.

స్థిరాంకములు మారునేమో అను సందేహమును మొట్టమొదట గంభీరముగా లేవనెత్తినవాడు ఇంగ్లండునకు చెందిన పాల్ డిరాక్. ఆయన 1937లో ఒక చిత్రమును గమనించెను. ఎలక్ట్రాను ప్రోటానుల నడుమనున్న విద్యుదాకర్షణ వాని గురుత్వాకర్షణకంటె ఇంచుమించు 1 తరువాత 39 సున్నలు పెట్టినంత రెట్లు ఎక్కువ. విశ్వము వయస్సును పరమాణువులకు సహజమగు కాలప్రమాణముతో కొలిచినను అంతటి సంఖ్యయే వచ్చును. ఇది కాకతాళీయము కాదని ఆయన తలచెను. విశ్వము వయస్సు పెరుగుచుండును గనుక, ఆ సమానత నిలువవలెనన్న గురుత్వాకర్షణ నానాటికి క్షీణింపవలెననెను. 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ దీనికి అడ్డు చెప్పెను. పూర్వము గురుత్వాకర్షణ అంత బలముగా ఉన్నచో సూర్యుడు మరింత తీవ్రముగా ప్రకాశించి, భూమిపై సముద్రములు మరగియుండెడివి. అప్పటి శిలలలో జీవుల జాడ ఉన్నది గనుక అట్లు జరుగలేదు. 1967లో జార్జి గామో మరొక త్రోవ చూపెను. గురుత్వాకర్షణ అట్లే ఉండి, ఎలక్ట్రాను ఆవేశమే మారుచుండవచ్చును గదా అనెను. ఆ ఏడే ఈ ఊహను దూరపు ఆకాశకాంతితో పరీక్షించిరి.

ఆ పరీక్షకు తోడ్పడినవి క్వేజారులు. 1963లో అమెరికాలోని పాలొమార్ పర్వతముమీది 200 అంగుళముల దూరదర్శినితో మార్టిన్ ష్మిట్ అను ఖగోళజ్ఞుడు కన్యారాశిలో 3సి 273 అను బిందువు కాంతిని పరిశీలించెను. చూచుటకు నక్షత్రము వలెనే ఉన్నది. కాని దాని వర్ణపటములోని రేఖలు ఏ మూలకమునకు చెందినవో తెలియకుండెను. అవి మనమెరిగిన హైడ్రోజను రేఖలేయనియు, విశ్వవ్యాకోచము వలన ఒక్కొక్క రేఖయు నూటికి ఇంచుమించు 16 పాళ్ళు ఎరుపువైపు జరిగినదనియు ఆయన గ్రహించెను. ఆ కాంతి బయలుదేరి సుమారు 200 కోట్ల సంవత్సరములైనది. అంత దూరమునుండి కనబడుచున్నదన్న ఆ వస్తువు మొత్తము నక్షత్రకూటమిని మించిన వెలుగు వెలుగుచుండవలెను. పెద్ద కృష్ణబిలములోనికి సుడిగట్టి పడుచున్న పదార్థము వేడెక్కి వెదజల్లు కాంతి యిది అని నేడు తెలిసినది. తరువాత ఇంతకంటె ఎన్నో రెట్లు దూరమున నున్న క్వేజారులు వేలకొలది కనుగొనబడినవి.

మన పరీక్షలో క్వేజారు దీపము మాత్రమే. సాక్షి వేరు. క్వేజారునకును మనకును నడుమ, ఇతర నక్షత్రకూటముల అంచులలో, చల్లని వాయుమేఘములు కలవు. వానిలో హైడ్రోజనేగాక మెగ్నీషియము, ఇనుము, జింకు, క్రోమియము వంటి లోహములు స్వల్పముగా ఉండును. క్వేజారు కాంతి ఆ మేఘముగుండ వచ్చునపుడు ప్రతి మూలకమును తనకు ఇష్టమైన తరంగదైర్ఘ్యములను హరించును. మనము ఇక్కడ ఆ కాంతిని పట్టకములో విడదీసినచో, మింగబడిన చోట్ల సన్నని నల్లని గీతలు కనబడును. ఆ గీతలు పడినది ఆ మేఘమున్న కాలమున, ఆ మేఘమున్న తావున. ఆనాటి పరమాణువులు తమ చేవ్రాలు చేసి ముద్రవేసి పంపిన పత్రములే అవి.

అయితే విశ్వవ్యాకోచము గీతలన్నింటిని ఎరుపువైపు జరపుచున్నపుడు, ఆల్ఫా మార్పు వలన కలిగిన జరుగుడును వేరు పరచుట ఎట్లు? మేము ప్రసారశాలలో పనిచేయువారము గనుక మాకు తెలిసిన ఉపమానము చెప్పెదము. గ్రామఫోను పలకలు వేయుచుండిన రోజులలో యంత్రము మందగించినచో పాట శ్రుతి దిగిపోయెడిది. కాని స్వరములన్నియు ఒకే నిష్పత్తిలో దిగును. షడ్జమమునకును పంచమమునకును నడుమనున్న సంబంధము చెడదు. మోహనరాగము మోహనగానే వినబడును. అట్లుగాక, పాటలో గాంధారమొక్కటే జరిగి, తక్కినవి స్థానములలోనే ఉన్నచో అది యంత్రపు మందగమనము కాదు. వీణ మెట్టు జరిగినదన్నమాట. విశ్వవ్యాకోచము పలక మందగించుట వంటిది. అన్ని గీతలను ఒకే గుణకముతో హెచ్చించును. ఆల్ఫా మార్పు మెట్లు జరుగుట వంటిది. ఒక్కొక్క మూలకపు గీతను ఒక్కొక్క కొలతలో జరపును.

ఈ భేదము ఎందువలన? కేంద్రకమున ఆవేశము ఎక్కువైన కొలది దాని సమీపమునకు వచ్చు ఎలక్ట్రాను వేగముగా పోవును. వేగము పెరిగినచో ఐన్‌స్టైను సాపేక్షతా సిద్ధాంతమున చెప్పబడిన సవరణలు పెద్దవగును. ఆ సవరణలు ఆల్ఫా వర్గమును బట్టియు, కేంద్రకపు ఆవేశపు వర్గమును బట్టియు హెచ్చును. మెగ్నీషియము తేలిక మూలకము. దాని గీతలు ఆల్ఫా మారినను దాదాపు కదలవు. ఇనుము బరువైనది. దాని గీతలు ఎక్కువ కదలును. అందులోను కొన్ని ఒకవైపునకు, మరికొన్ని ఎదురువైపునకు కదలును. కనుక మెగ్నీషియమును ఆధారషడ్జమముగా పెట్టుకొని ఇనుమును దానితో సరిచూడవలెను.

మొదటి ప్రయత్నములు ఇంత నేర్పుతో జరుగలేదు. 1956లోనే మాల్కమ్ సేవెడాఫ్ అను శాస్త్రజ్ఞుడు హంసరాశిలోని ప్రసిద్ధ రేడియో నక్షత్రకూటమి కాంతిని ఉపయోగించి ఆల్ఫాను పరీక్షించెను. 1967లో జాన్ బాకాల్, వాలెస్ సార్జెంట్, మార్టిన్ ష్మిట్ 3సి 191 అను క్వేజారు వర్ణపటములో ఒకే మూలకపు జంటగీతల నడుమ ఎడమును కొలిచిరి. ఆ ఎడము కూడ ఆల్ఫా వర్గమును బట్టి యుండును. నూటికి 5 పాళ్ళ దోషపరిమితిలో మార్పేమియు కనబడలేదు. దగ్గరనున్న రేడియో నక్షత్రకూటముల ఆక్సిజను గీతలతో బాకాల్, ష్మిట్ ఆ ఏడే దోషపరిమితిని వేయింటికి 2 పాళ్ళకు దింపిరి. గామో ఊహ ఇందులకు నిలువలేదు.

భూగర్భము కూడ ఒక సాక్ష్యము నిచ్చినది. 1972లో ఆఫ్రికాలోని గాబన్ దేశమున ఓక్లో గనినుండి వచ్చిన యురేనియములో 235 రకము ఉండవలసినదానికంటె స్వల్పముగా తక్కువగా నున్నట్లు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. విచారింపగా సుమారు 200 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ గనిలో భూజలముల సహాయమున సహజముగానే పరమాణు విచ్ఛేదము సాగినదని తేలెను. సమేరియము అను మూలకములో 149 రకము న్యూట్రానులను మింగు శక్తి ఆల్ఫా ఏమాత్రము మారినను ఎంతో మారును. ఆ గనిలో మిగిలిన సమేరియమును బట్టి 1976లో రష్యను శాస్త్రజ్ఞుడు ష్లియాఖ్టర్ అప్పటి స్థిరాంకములు నేటివేయని వాదించెను. తరువాతి లెక్కలు కోటిలో ఒక పాలునకు మించి మార్పు లేదని చూపినవి. అయితే కేంద్రకములోని బలములను గూర్చిన కొన్ని ఊహలు ఈ లెక్కలో చేరియున్నవి. అదియుగాక 200 కోట్ల సంవత్సరములు విశ్వము వయస్సులో ఏడవ వంతు మాత్రమే. ఇంకను వెనుకకు పోవుటకు క్వేజారులే శరణ్యము.

1999లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జాన్ వెబ్, విక్టర్ ఫ్లాంబామ్, వ్లాదిమిర్ జూబా మొదలగువారు పైని చెప్పిన మెగ్నీషియము ఇనుముల పద్ధతిని రూపొందించి ప్రయోగించిరి. హవాయి ద్వీపమున మౌనాకియా శిఖరముమీద 10 మీటర్ల దర్పణముగల కెక్ దూరదర్శినితో తీసిన వర్ణపటములను వారు పరిశీలించిరి. పూర్వకాలపు మేఘములలో ఆల్ఫా నేటికంటె స్వల్పముగా తక్కువగా నున్నట్లు కనబడెను. 2004 నాటికి 143 మేఘములను కొలిచి, తగ్గుదల పదిలక్షలలో 5.7 పాళ్ళనియు, దోషపరిమితి 1.1 పాళ్ళు మాత్రమేయనియు ప్రకటించిరి. దోషపరిమితికి అయిదురెట్లున్న ఫలితమును యాదృచ్ఛికమని త్రోసివేయుట కష్టము. అది నిజమైనచో ఐన్‌స్టైను సిద్ధాంతపు మూలసూత్రములలో ఒకటి, అనగా పరమాణు నియమములు ఎక్కడైనను ఎప్పుడైనను ఒక్కటే అనునది, సడలవలసివచ్చును. లోకమంతట భౌతికశాస్త్రజ్ఞులు చెవి నిక్కించి వినిరి.

ఇంత చిన్న మార్పును కొలుచుట యెట్టిదో ఊహించుకొనవలెను. గీత జరుగుడును వేగముగా మార్చి చెప్పినచో, ఇనుపగీత మెగ్నీషియపు గీతనుండి తొలగినది సెకనుకు ఇంచుమించు 120 మీటర్ల వేగమునకు సమానము. వర్ణపటమును గ్రహించు విద్యుత్‌పలకపై చిన్నచిన్న గడులుండును. ఈ జరుగుడు ఒక్క గడి వెడల్పులో ఇరువదవ వంతు ప్రాంతమున ఉండును. ఇంత సూక్ష్మముగా కొలుచునపుడు ప్రకృతి మార్పేదో, పరికరపు దోషమేదో విడదీయుట అసలు సమస్య.

అనుమానములు రెండు విధములుగా వచ్చినవి. మొదటిది సాక్షిని గూర్చినది. మెగ్నీషియములో 24, 25, 26 అని మూడు రకములు కలవు. బరువు రకముల గీతలు కొద్దిగా వేరుచోట పడును. ఆనాటి మేఘములలో ఈ రకముల పాళ్ళు భూమిమీది పాళ్ళవలె లేనిచో, ఆధారషడ్జమమే కదలినట్లగును. ఆల్ఫా మారకున్నను మారినట్లు తోచును. రెండవ అనుమానము పరికరమును గూర్చినది. అదే పనిని మరొక దూరదర్శినితో మరొకరు చేసి చూడవలెను.

ఆ పనికి పూనుకొన్నవారిలో మన దేశీయులుండుట గమనింపదగినది. పూనాలోని అంతర్విశ్వవిద్యాలయ ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రమునకు చెందిన రఘునాథన్ శ్రీయానంద్, హమ్ చంద్, ఫ్రాన్సునకు చెందిన పాట్రిక్ పెటిజాన్ మొదలగువారితో కూడి, చిలీ దేశమున పరనాల్ కొండపై నున్న 8.2 మీటర్ల దూరదర్శినితో 23 మేఘములను పరిశీలించిరి. 2004లో వారు ప్రకటించిన ఫలితము మార్పు లేదనియే. సిడ్నీ బృందమువారు ఈ లెక్కలో లోపమున్నదనియు, దోషపరిమితి మరీ చిన్నదిగా చూపబడినదనియు విమర్శించిరి. పూనా బృందమువారు 2007లో తిరిగి లెక్కించి, దోషపరిమితిని విశాలము చేసి, అయినను మార్పు కనబడుటలేదనిరి. ఇరుపక్షములవారును వర్ణపటములను ఎదుట పెట్టి గీతకు గీత వాదించుకొనిరి. ఇది శాస్త్రమునకు మేలు చేసిన కలహము.

ఇంతలో సమస్య మరింత చిత్రమైనది. సిడ్నీ బృందమువారే చిలీ దూరదర్శిని వర్ణపటములను గూడ తమ పద్ధతిలో కొలిచి, ఉత్తరమున హవాయినుండి చూచిన మేఘములలో ఆల్ఫా తక్కువగాను, దక్షిణమున చిలీనుండి చూచిన మేఘములలో ఎక్కువగాను ఉన్నట్లు 2011లో ప్రకటించిరి. సుమారు 300 మేఘములను కలిపి చూచిన ఆ లెక్కలో ఆల్ఫా కాలమును బట్టిగాక దిక్కును బట్టి మారునట్లు తోచినది. ఆకాశమున ఒక దిశకు పోయిన కొలది హెచ్చి, ఎదురు దిశకు పోయిన కొలది తగ్గునన్నమాట. కాని ఉత్తరమున ఒక పరికరము, దక్షిణమున వేరొక పరికరము చూచినవి. దిక్కులలో తేడా ఉన్నదా, పరికరములలో తేడా ఉన్నదా?

ఇక్కడ కుంచమును ఎట్లు సరిచూతురో చెప్పవలెను. వర్ణపటములో ఏ గడి ఏ తరంగదైర్ఘ్యమునకు చెందునో తెలిసికొనుటకు, దూరదర్శినిలోనే థోరియము లోహమును, ఆర్గాను వాయువును గల దీపమొకటి యుండును. దాని గీతల స్థానములు ప్రయోగశాలలో కొలిచినవి. ఆ గీతలను కొలబద్దగా నుంచి క్వేజారు గీతలను చదువుదురు. అయితే దీపపు కాంతి పరికరములో ప్రవేశించు త్రోవయు, ఆకాశమునుండి వచ్చు కాంతి ప్రవేశించు త్రోవయు అచ్చముగా ఒక్కటి కావు. ఆ స్వల్పభేదమువలన కొలబద్ద ఒకకొన సాగి, ఒకకొన కుదించుకొనిపోయినచో?

దీనిని పరీక్షించుటకు చక్కని ఉపాయము దొరికెను. గ్రహశకలములు సూర్యకాంతినే ప్రతిఫలించును. సూర్యుని వర్ణపటము మనకు మిక్కిలి నిష్కర్షగా తెలియును. కనుక గ్రహశకలమును క్వేజారు వలెనే దూరదర్శినితో చూచి, వచ్చిన గీతలు ఉండవలసినచోట ఉన్నవా అని చూచినచో పరికరపు సత్యసంధత బయటపడును. జోనథన్ విట్‌మోర్, మైకేల్ మర్ఫీ అనువారు ఇట్లు హవాయిలోను, చిలీలోను గత ఇరువదేండ్ల పరిశీలనములను పరీక్షించి 2015లో ఫలితము తెల్పిరి. రెండు చోట్లను కొలబద్ద వంకరపోయినది. వెయ్యి ఆంగ్‌స్ట్రాముల మేరకు ఆ వంకర సెకనుకు 200 మీటర్ల వేగమునకు సమానము. ఆల్ఫా మార్పునకు గుర్తుగా తలచిన జరుగుడు 120 మీటర్లు అని పైని చెప్పితిమి. దక్షిణమున కనబడిన మార్పును ఈ వంకర పూర్తిగాను, ఉత్తరమున కనబడిన మార్పును చాలవరకును వివరింపగలదని వారు తేల్చిరి.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ మర్ఫీయే సిడ్నీ బృందములో పనిచేసి, ఆల్ఫా మారినదని ప్రకటించినవారిలో ఒకడు. తన పేరు లోకమునకు తెలిపిన ఫలితమును బలహీనపరచు దోషమును ఆయన తానే వెదకి, తానే చాటెను. ఇతరుల తప్పులు పట్టుట సులభము. తన కుంచమును తానే తనిఖీకి పెట్టుటకు ధైర్యము కావలెను.

దోషము తెలిసిన పిదప మేలైన కొలబద్ద కావలసివచ్చెను. అది లేజరు దువ్వెన. దువ్వెన పళ్ళవలె సమానమగు ఎడములలో, పరమాణు గడియారముతో ముడివేసిన వేలకొలది గీతల నిచ్చు కాంతి యిది. దీని నిర్మాణమునకు తోడ్పడిన థియొడర్ హాన్ష్, జాన్ హాల్ అను శాస్త్రజ్ఞులు 2005లో నోబెలు బహుమానము పొందిరి. పరనాల్ కొండపై 2017లో పని ప్రారంభించిన ఎస్ప్రెస్సో అను వర్ణపటదర్శినిలో ఇట్టి దువ్వెనతో సరిచూచుకొను ఏర్పాటు కలదు. కాంతి సన్నని గాజుతీగలగుండ లోనికి ప్రవేశించును గనుక త్రోవ భేదపు దోషమును తగ్గును. ఈ పరికరముతో మర్ఫీ మొదలగువారు ఒక ప్రకాశవంతమైన క్వేజారును 16 గంటలు చూచి 2022లో ఫలితము ప్రకటించిరి. నడుమనున్న మేఘపు కాంతి 800 కోట్ల సంవత్సరములకు పైబడినది. అక్కడి మెగ్నీషియపు గీత 2,796 ఆంగ్‌స్ట్రాములనుండి 6,010 ప్రాంతమునకు, అనగా కంటికి కనబడని అతినీలమునుండి నారింజవన్నెకు జరిగి వచ్చినది. ఆల్ఫాలో కనబడిన మార్పు పదిలక్షలలో 1.3 పాళ్ళు. దోషపరిమితియు 1.3 పాళ్ళే. మార్పు లేదనియే దీని యర్థము.

రెండవ శుద్ధసంఖ్యను పరీక్షించినవి మాకు ఆప్తములైన రేడియో తరంగములు. పీకేయస్ 1830 అను క్వేజారునకు ముందున్న నక్షత్రకూటమిలో మెథనాలు అణువులు రేడియో తరంగములను హరించుచున్నవి. మెథనాలు మన ప్రయోగశాలలలో సామాన్యముగా దొరకు సారాయి జాతి ద్రవము. దాని అణువులో ఒక కొమ్మ మెలితిరుగుచుండును. ఆ చలనపు గీతలు కొన్ని ప్రోటాను ఎలక్ట్రాను నిష్పత్తి మారినచో ఎక్కువగాను, కొన్ని తక్కువగాను కదలును. జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్‌లో 100 మీటర్ల రేడియో దూరదర్శినితో ఆ గీతలను కొలిచి, సుమారు 700 కోట్ల సంవత్సరములలో ఆ నిష్పత్తి కోటిలో ఒక పాలునకు మించి మారలేదని 2013లో తెలిపిరి.

నేటి మాట యేమన, ప్రయోగశాలలలో పరమాణు గడియారములు రెండింటిని పక్కపక్కన నడిపించి ఆల్ఫా ఏటికేడు మారుచున్నదా అని చూచుచున్నారు. 2008లో అమెరికాలో అల్యూమినియము, పాదరసము గడియారములను పోల్చి చూచిరి. 2021లో జర్మనీలో యిటర్బియము గడియారములను పోల్చి చూడగా, 1 తరువాత 18 సున్నలు పెట్టిన సంఖ్యలో ఒకటి రెండు పాళ్ళ మార్పు కూడ సంవత్సరమునకు కనబడలేదు. అయితే గడియారము నేటి సంగతియే చెప్పును. ఒకనాడు మారి, పిదప నిలిచిపోయిన దానిని అది పట్టజాలదు. అందుచేత పాతమూటల అవసరము తీరలేదు.

ఇంత శ్రమపడి మారలేదని తేల్చుటవలన లాభమేమని కొందరు అడుగవచ్చును. లాభము రెండు విధములు. స్థిరాంకములు మారవలెనని చెప్పు సిద్ధాంతములు అనేకము కలవు. ప్రతి మేలైన కొలతయు వానిలో కొన్నింటిని తొలగించుచున్నది. అంతకంటె ముఖ్యమైనది, నమ్మకము స్థానమున ఇపుడు కొలత వచ్చినది. 800 కోట్ల సంవత్సరముల క్రిందటి ఇనుము మన కొలిమిలోని ఇనుమువలెనే ప్రవర్తించెనని మనము ఊహించి కాక, ఈ హద్దులలో చూచి చెప్పగలుగుచున్నాము. ఈ హద్దునకు లోపల ఇంకను చిన్న మార్పు దాగియుండవచ్చును. దానికొరకే చిలీలో 39 మీటర్ల దర్పణముగల దూరదర్శిని నిర్మింపబడుచున్నది.

పాతమూటను విప్పి కొలిచితిమి. మొదట కుంచము తరిగినట్లు తోచినది. తిరిగి చూడగా కొలిచిన చేయి వణికినదని తెలిసినది. చేతిని నిలుకడచేసికొని మరల కొలువగా, మూటపై వ్రాసిన లెక్కయు, మన లెక్కయు సరిపోయినవి. రాత్రి ఆకాశమును చూచునపుడు, అక్కడినుండి వచ్చు ప్రతి కిరణమును ఇట్టి లెక్క నొకదానిని మోసికొని వచ్చుచున్నదని శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక.